దాక్కునే చప్పుడు

ఉప్పు డబ్బాలో తడి చెంచా పెట్టింది ఎవరన్న దాని మీద ఆ ఉదయం మా ఇంట్లో అరగంట విచారణ జరిగింది.

"నేనైతే ఎప్పుడూ తుడిచే పెడతాను," అంది అక్క. అక్క అంటే మా తోడికోడలు, బావగారి భార్య. "తుడవకుండా పెట్టే అలవాటు ఈ ఇంట్లో ఎవరికుందో వేరే చెప్పాలా?"

"చెప్పండక్కా, విని నేర్చుకుంటాను."

"పేర్లు చెప్పే మనిషిని కాదు నేను."

"పొద్దున్నుంచి ఉప్పు ముట్టుకున్నది మీరొక్కరే కదా."

"అయితే నిన్న నువ్వు పెట్టిన తడే ఇవాళ నా చెంచాకి అంటుకుని ఉంటుంది."

నిన్నటి తడి ఉప్పులో నిద్రపోయి, తెల్లారాక లేచి, పొడి చెంచాని వెతుక్కుంటూ వచ్చిందని నమ్మగల మనిషితో ఏం మాట్లాడతాం? గడ్డకట్టిన ఉప్పు ఒక పళ్ళెంలోకి గీకి, డబ్బా కడిగి ఎండలో బోర్లించాను. అక్క దాన్ని నేరం ఒప్పుకోవడంగా తీసుకుంది. ఈ ఇంట్లో తప్పులన్నీ నీళ్ళలాగా పెద్దవాళ్ళ వైపు నుంచి చిన్నవాళ్ళ వైపుకే పారతాయి. వంటింట్లో నా వైపుకి, వాకిట్లో మా ఆయన వైపుకి.

అప్పుడే బండి గేటులోకి వచ్చింది. రావడానికి ముందే దాని చప్పుడు వచ్చింది. రాతిగచ్చు మీద ఇనుప మంచాన్ని ఎవరో ఈడ్చుకొస్తున్నట్టు, ఆగకుండా గర్‌ర్‌మని. బావగారు ఇంజన్ ఆపి దిగారు. తలుపు ధడాలున వేసి, "విన్నారుగా? ఇదీ వాడి నిర్వాకం," అన్నారు.

వాడు అంటే మా ఆయన. ఆ సమయంలో ఆయన స్నానం చేస్తున్నారు. ఆ రోజు బుధవారం. బుధవారం ఆయన బండి తాళాలు కూడా ముట్టుకోరు.

పరుపుల ఫ్యాక్టరీ నుంచి దుకాణాలకి పరుపులు చేరవేయడం మా ఇంటి పని. బండి ఒక్కటే, అన్నదమ్ములు ఇద్దరు. సోమ, బుధ, శుక్రవారాలు బావగారివి. మంగళ, గురు, శనివారాలు మా ఆయనవి. ఆదివారం బండికీ మనుషులకీ సెలవు. బండి కాగితాలు అత్తయ్య పేరు మీద ఉన్నాయి. మామగారు పోయాక ఆయన పాత బండి అమ్మేసి దీన్ని కొన్నది ఆవిడే, కొన్న రోజునే ఈ రోజుల పంపకం చేసింది కూడా ఆవిడే.

చప్పుడు మొదలై మూడు వారాలైంది. అది ఎక్కణ్ణుంచి వస్తోందో ఎవరికీ తెలియకముందే, ఎవరి వల్ల వస్తోందో బావగారికి తెలిసిపోయింది.

"ఓవర్‌లోడ్ వేస్తాడమ్మా," అన్నారు మొదటి రోజే, అత్తయ్యతో.

"పరుపులా?" అంది అత్తయ్య.

"పరుపులు తేలికని లెక్క లేకుండా వేస్తాడు. ఆ తేలికతనమే ఇంజన్‌ని తినేస్తుంది."

నేను పక్కనే బట్టలు మడతపెడుతున్నాను. నవ్వు ఆపుకోవడానికి దుప్పటి ఒకటి రెండుసార్లు మడవాల్సొచ్చింది. బావగారు ఇలాంటి మాటలు గొంతు తగ్గించి, కళ్ళు సగం మూసి చెబుతారు. విన్నవాళ్ళకి ఆ గొంతు గుర్తుంటుంది, మాట గుర్తుండదు. అందుకే ఈ వీధిలో ఆయనకి ఇంజన్ల గురించి అంతా తెలుసని పేరు.

రెండు ఆదివారాల కిందట మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన అసలు సంగతి బయటపెట్టారు. మా ఇంట్లో ఏ నిర్ణయమైనా ఆదివారం భోజనాల దగ్గరే చెబుతారు. అందరూ ఒకేసారి కూర్చునేది అప్పుడే కాబట్టి, చేతులు కూరలో ఉండగా ఎవరూ లేచి వెళ్ళిపోలేరు కాబట్టి.

"బండికి ఒక్క చెయ్యే ఉండాలమ్మా. ఇంజన్ బాగు చేయించాక నేనొక్కణ్ణే నడుపుతాను. తమ్ముడికి మా బావమరిది షాపులో కౌంటర్ దగ్గర చోటుంది. నీడపట్టున కూర్చుంటాడు, ఒళ్ళు అలవదు."

మా ఆయన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు. తర్వాత ఆ ముద్ద తినేశారు.

"ముందు ఆ చప్పుడేమిటో తేలనీ," అంది అత్తయ్య. "చిన్నోడి వల్లే పాడైందని తేలితే, అప్పుడు నువ్వు చెప్పినట్టే చేద్దాం."

మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఇంట్లో రోజుకి ఇరవై మాటలు మాట్లాడితే ఎక్కువ. కానీ స్టీరింగ్ ముందు కూర్చుంటే ఈల వేస్తారు. దుకాణాల వాళ్ళ పేర్లు, వాళ్ళ గుమ్మాల ఎత్తు, ఏ సందులో ఏ పూట వెనక్కి తిప్పుకోవడం కష్టమో అన్నీ ఆయనకి నోటికొచ్చు. ఆ మూడు రోజుల సాయంత్రాలు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ నాతో కబుర్లు కూడా చెబుతారు. మిగతా రోజుల్లో గోడకి తగిలించిన చొక్కాలాగా ఉంటారు. అలాంటి మనిషిని కౌంటర్ దగ్గర కూర్చోబెట్టి, వచ్చిన ప్రతివాడినీ "రండి సార్, ఏం కావాలి సార్" అనమంటే ఏమవుతారో నాకు తెలుసు. బావగారికీ తెలుసు. ఆయనకి కావలసింది ఆ మూడు రోజులు, అంతే.

ఆ రాత్రి "ఏదో ఒకటి అనొచ్చు కదండీ" అంటే, "అన్నయ్యతో వాదన ఎందుకు" అన్నారు. వాదన వద్దనుకోవడం మంచితనమని ఆయన నమ్మకం. అది బద్ధకం అని నా నమ్మకం.

ఇక డాక్టరు. అసలు డాక్టరు కాదు, మా మెకానిక్. ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటాడు కాబట్టి వీధిలో ఆ పేరు. అతని రోగనిర్ధారణ ఎప్పుడూ బావగారి ముఖంలోంచే వచ్చేది. బావగారు "ఫ్యాన్ బెల్టేమో" అంటే, "అవునండీ, నేనూ అదే అనబోతున్నా" అన్నాడు. బెల్టు మార్చారు, చప్పుడు మారలేదు. బావగారు "డైనమో అయ్యుండాలి" అంటే, "బెల్టు మార్చగానే డైనమో మీదకి పోయింది చూశారా" అన్నాడు, చప్పుడు ఇల్లు మారినట్టు. డైనమో విప్పి, కడిగి, మళ్ళీ బిగించారు. ఈసారి చప్పుడు ఇంకాస్త ఆరోగ్యంగా వచ్చింది.

ఈ పరీక్షలన్నీ మా వాకిట్లోనే జరిగేవి. పద్ధతి ఎప్పుడూ ఒకటే. బావగారు డ్రైవర్ సీట్లో కూర్చుంటారు. ఆయన ఇంట్లో ఉండగా ఆ సీట్లో ఇంకొకరు కూర్చోవడం మా ఇంట్లో లేదు. మా ఆయన బానెట్ కడ్డీ పట్టుకుని నిలబడతారు. డాక్టరు స్క్రూడ్రైవర్‌తో లోపలికి వంగుతాడు. వీధిలో పనిలేని ఇద్దరు ముగ్గురు వచ్చి చేతులు కట్టుకుంటారు.

"కొట్టండి!" అంటాడు డాక్టరు. బావగారు యాక్సిలరేటర్ తొక్కుతారు. గర్‌ర్‌ర్.

"ఇదుగో, ఇక్కడే!" అంటాడు డాక్టరు. పనిలేని వాళ్ళు "ఆ, ఆ, అక్కడే" అంటారు. వాళ్ళలో ఎదురింటి రిటైర్డు క్లర్కు ఒకాయన ఉండేవారు. ఆయనకి సైకిల్ చైన్ పడిపోతే ఎక్కించుకోవడం రాదు, కానీ "పిస్టన్ ఊగుతోందండీ, ఆ ఊపు నాకు తెలుసు" అనేవారు.

ఆ తర్వాత బావగారు స్వయంగా వినాలని దిగి వచ్చేవారు. ఆయన దిగగానే చప్పుడు ఆగిపోయేది. ఇంజన్ మామూలుగా, పద్ధతిగా తిరుగుతుండేది.

"చూశావా, దాక్కుంది," అనేవారు బావగారు.

"దాక్కుందండీ," అనేవాడు డాక్టరు, గౌరవంగా.

మూడు వారాలు. ముగ్గురు నలుగురు పెద్ద మనుషులు. ఇనుముతో చేసిన యంత్రంలో చప్పుడు సిగ్గుపడి దాక్కుంటుందని ఒకరు అంటే మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. ఒక్కరైనా, ఆయన దిగినప్పుడే ఎందుకు దాక్కుంటోంది అని అడగలేదు. నేనూ అడగలేదు, అది నిజమే. వంటింటి కిటికీలోంచి చూస్తూ వాళ్ళని చూసి నవ్వుకోవడంతోనే నాకు సరిపోయింది. నవ్వుకోవడం కూడా ఒక పనే అనుకున్నాను.

మూడోసారి, ఆ ఉప్పు డబ్బా బుధవారం నాడే, డాక్టరు తీర్పు చెప్పాడు. "ఇక లాభం లేదండీ. ఇంజన్ లోపలి బేరింగులు పోయాయి. ఇంజన్ దించాలి. శనివారం పొద్దున్నే వచ్చి బండి తీసుకెళ్తాను."

"బేరింగులు ఎందుకు పోతాయి?" అని అడిగారు బావగారు, అత్తయ్యకి వినబడేలా.

"నడిపేవాళ్ళని బట్టండీ," అన్నాడు డాక్టరు, మా ఆయన వైపు చూడకుండా.

ఆ సాయంత్రం నేను మా ఆయనని కూర్చోబెట్టి అడిగాను. "మీరు నడిపినప్పుడు ఎలా వస్తుందండీ ఆ చప్పుడు?"

"నాకు పెద్దగా రాదు."

"పెద్దగా రాదంటే?"

"గేరు మార్చేటప్పుడు వస్తుంది. మార్చేశాక పోతుంది."

"ఆ మాట అన్నయ్యతో చెప్పారా?"

"చెప్పాను. నీకు చెవులు పనిచేయవురా అన్నాడు."

"డాక్టరుతో?"

"అన్నయ్య చెప్పనిస్తే కదా."

మూడు వారాలుగా ఈ మనిషి కడుపులో ఆ ఒక్క మాట పెట్టుకుని, రోజూ భోంచేసి, పడుకుని, నిద్రపోయారు. నాకు బావగారి మీద కోపం కంటే ఈయన మీద విసుగే ఎక్కువైంది. బావగారు కనీసం కష్టపడి అబద్ధాలాడుతున్నారు.

మర్నాడు గురువారం, పరుపు గలేబులకి గుడ్డ చూడాలని సాకు చెప్పి, మా ఆయన పక్కన కూర్చుని ఫ్యాక్టరీ దాకా వెళ్ళాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కాలితో పెడల్ నొక్కి గేరు మార్చినప్పుడు గర్‌మని చిన్నగా, కాలు తీయగానే నిశ్శబ్దం. తర్వాత ఈల. ఆయన ఎడమ కాలు గేరు మార్చాక పెడల్ పక్కన నేల మీదకి వచ్చేసేది. మా మామగారు నేర్పారట అలా.

శుక్రవారం అత్తయ్యకి కళ్ళ పరీక్ష. బావగారి రోజు కాబట్టి ఆయనే తీసుకెళ్ళారు. తోడు నేను. ముగ్గురం ముందు సీట్లోనే. అత్తయ్య మధ్యలో, నేను ఇటు చివర. బండి కదిలిన దగ్గర్నుంచీ గర్‌ర్‌ర్.

"విను, విను," అన్నారు బావగారు, "మీ ఆయన కష్టార్జితం."

నేను వినలేదు, చూశాను. అత్తయ్య మోకాళ్ళ మీదుగా కిందికి చూశాను. ఆయన ఎడమ పాదం చెప్పుతో సహా క్లచ్ పెడల్ మీద సుఖంగా పడుకుని ఉంది. నొక్కడం లేదు. పీట మీద పెట్టుకున్నట్టు పెట్టుకున్నారు, అంతే. గేరు మార్చేటప్పుడు నొక్కుతారు, మార్చాక సగం వదులుతారు, మళ్ళీ అక్కడే పడుకోబెడతారు. కూడలి దగ్గర ఎర్ర దీపం పడితే గేరు తీసేసి బండి ఆపారు. ఆయనకి కుడి చీలమండ దురద పెట్టినట్టుంది. ఎడమ కాలు పెడల్ మీంచి తీసి దాంతో గోక్కున్నారు. చప్పుడు టక్కున ఆగిపోయింది. దురద తీరాక పాదం మళ్ళీ పెడల్ మీదకెక్కింది. గర్‌ర్‌ర్.

చూసింది నాలోనే ఉంచుకున్నాను. ఆ మాట అక్కడ అంటే ఏమయ్యేదో తెలుసు. "డిగ్రీ చదువుకున్నావని ఇంజన్లు కూడా చదివావా అమ్మా" అనేవారు, మళ్ళీ గొంతు తగ్గించి. ఇక ఆ మాట అక్కడే చచ్చిపోయేది.

తిరిగొచ్చేటప్పుడు అత్తయ్య కళ్ళల్లో మందు చుక్కలు వేసి పంపారు. కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని కూర్చుంది. సగం దారిలో, అదే కూడలి దగ్గర ఉన్నట్టుండి, "ఇప్పుడు ఆగింది," అంది.

"ఏమిటమ్మా?"

"చప్పుడు." కాసేపాగి, "మళ్ళీ వచ్చింది."

"అది అంతేనమ్మా. దాక్కుంటుంది."

"ఎక్కడ దాక్కుంటుందిరా?"

"ఇంజన్లో."

"ఊఁ," అంది అత్తయ్య. ఇల్లు చేరాం. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, నీ కళ్ళకి మందు వెయ్యలేదు కదా," అంది.

"లేదత్తయ్యా."

"దారంతా కిందికే చూశావు. నీ తల అటు వంగి ఉందని తెలుస్తూనే ఉంది. ఏం పడిపోయింది?"

"ఏమీ పడిపోలేదు. రేపు చూపిస్తాను."

శనివారం పొద్దున్నే డాక్టరు వచ్చాడు. ఇంజన్ దించడానికి ఒక తాడు, పాత గోనె గుడ్డ కూడా తెచ్చుకున్నాడు. వెళ్ళే ముందు చివరిసారి చప్పుడు వినాలన్నాడు. బావగారు అలవాటు ప్రకారం సీట్లోకి ఎక్కారు. రిటైర్డు క్లర్కు గారు టీ గ్లాసుతో వచ్చేశారు. అత్తయ్య గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"కొట్టండి!"

గర్‌ర్‌ర్.

నేను మెట్లు దిగి బండి దగ్గరకి వెళ్ళాను. "బావగారూ, ఒక్కసారి మీరే దిగి వింటే బాగుంటుందేమో. డాక్టరు గారి చెవి వేరు, మీ చెవి వేరు."

పొగిడితే ఎంత ఎత్తు నుంచైనా దిగుతారు ఆయన. దిగారు. చప్పుడు ఆగింది.

"దాక్కుంది," అన్నారు.

"సరే, దాక్కోనివ్వండి. ఏమండీ, మీరెక్కండి."

మా ఆయన అన్నగారి ముఖం వైపు చూశారు.

"ఎక్కరా," అంది గుమ్మంలోంచి అత్తయ్య.

ఎక్కారు. "కాళ్ళు దేని మీదా పెట్టకండి," అన్నాను. ఇంజన్ శుభ్రంగా తిరుగుతోంది. "కుడి కాలితో యాక్సిలరేటర్ తొక్కండి." తొక్కారు. ఇంజన్ గట్టిగా అరిచింది గానీ గరగర లేదు. డాక్టరు స్క్రూడ్రైవర్ చెవి నుంచి దించాడు.

"ఇప్పుడు ఎడమ పాదం క్లచ్ మీద పెట్టండి. నొక్కొద్దు. ఊరికే పెట్టండి, పీట మీద పెట్టినట్టు."

గర్‌ర్‌ర్.

"తీసేయండి."

నిశ్శబ్దం.

"పెట్టండి."

గర్‌ర్‌ర్.

"తీసేయండి."

నాలుగోసారి చెప్పబోయేసరికి క్లర్కు గారు, "చాలమ్మా, అర్థమైంది," అన్నారు. ఆయనకే అర్థమైందంటే ఇక ఎవరికీ అర్థం కాకపోవడానికి వీల్లేదు.

డాక్టరు గోనె గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అవి మురికిగా లేవు. "క్లచ్ బేరింగండీ," అన్నాడు. "కాలు పెడితే దాని మీద బరువు పడి తిరుగుతుంది. అరిగిపోయింది కాబట్టి గరగరలాడుతోంది. నాకు మొదటి రోజే అనుమానం వచ్చిందండీ."

"మరి మూడు వారాలు ఇంజన్‌కి ఎందుకు చెవి పెట్టావు?" అన్నాను.

"అన్నగారు ఇంజన్ అన్నారు కదండీ. కాదంటే బాగుండదని..."

"ఇంజన్ దించాల్సిన పని ఉందా ఇప్పుడు?"

"అబ్బే, ఇంజన్‌కేం, రాయిలా ఉంది. గేర్‌బాక్స్ దించి బేరింగ్ మారిస్తే సాయంత్రానికి బండి ఇచ్చేస్తాను."

రాయిలా ఉన్న ఇంజన్‌ని దించడానికి పొద్దున్నే తాడు తెచ్చిన మనిషి, ఆ మాట ఏ మాత్రం తడబడకుండా అన్నాడు.

బావగారు అప్పటికి తేరుకున్నారు. "సరే, బేరింగ్. అదైనా అరగ్గొట్టింది ఎవరు? వాడే కదా."

"అది ఎలా అరుగుతుంది, డాక్టరు గారూ?" అని అడిగాను.

డాక్టరు ఒకసారి బావగారిని, ఒకసారి గుమ్మంలో అత్తయ్యని చూశాడు. కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయో గుర్తొచ్చినట్టుంది. "అంటే... నడుపుతున్నంతసేపూ క్లచ్ మీద పాదం పెట్టుకుని ఉంటే అరుగుతుందండీ."

"నేను పెట్టను," అన్నారు బావగారు వెంటనే.

ఎవరూ ఆయనని అడగలేదు. క్లర్కు గారు ఖాళీ గ్లాసులోకి చూసుకుంటూ రోడ్డు దాటి వెళ్ళిపోయారు.

సాయంత్రం బండి వచ్చింది. చప్పుడు లేదు. పాత బేరింగ్‌ని డాక్టరు కాగితంలో చుట్టి ఇచ్చాడు. చెయ్యి వేసి తిప్పితే ఇసుక నమిలినట్టు కరకరలాడింది. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పోనీలే, తేలిపోయింది. ఇక ఎవరి వల్ల అన్నది తవ్వకు. అన్నయ్య చిన్నబుచ్చుకుంటాడు," అన్నారు.

"అన్నయ్య మిమ్మల్ని కౌంటర్ దగ్గర కూర్చోబెట్టబోతే మీరు చిన్నబుచ్చుకోలేదా?"

"ఇప్పుడు కూర్చోబెట్టడులే."

"ఎవరు చెప్పారు?"

అన్నగారికి న్యాయం తెలుసని ఆయన అనుకుంటున్నారు. ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ ఆశ ఎలా మిగిలిందో నాకు తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం అందరం కూర్చున్నాం. నేనూ అక్కా వడ్డించి, మా కంచాలు తెచ్చుకున్నాం. బావగారు మొదటి ముద్ద తిని, గొంతు తగ్గించారు. నాకు అప్పుడే అర్థమైంది.

"మొత్తానికి పట్టుకున్నాను," అన్నారు. "నేను వదలకుండా డాక్టరు వెంటపడ్డాను కాబట్టి తేలింది. లేకపోతే అనవసరంగా ఇంజన్ దించేసేవాళ్ళు."

"నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నా, ఈయన చెవి మామూలు చెవి కాదని," అంది అక్క.

"బండి పాతబడింది. పాత బండిలో బేరింగులు పోతుంటాయి. అందులో ఎవరి తప్పూ లేదు. తమ్ముణ్ణి నేనేమీ అనడం లేదు." ఇక్కడ ఆగి తమ్ముడి వైపు జాలిగా చూశారు. "అయినా, బండికి ఒక్క చెయ్యే మంచిది. నేను ముందే అన్నాను. మా బావమరిదితో మాట కూడా అయిపోయింది, సోమవారం నుంచి తమ్ముణ్ణి రమ్మన్నాడు. పాపం, చోటు అట్టే పెట్టి ఉంచాడు."

"పాపం," అంది అక్క, తన తమ్ముడి గురించో మరిది గురించో తెలియకుండా.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కూర కలుపుతున్నారు. కలిపిందే కలుపుతున్నారు. నోరు తెరుస్తారేమో అని పదిదాకా లెక్కపెట్టాను. ఆరు దగ్గర, "అన్నయ్యా," అన్నారు.

"ఏంట్రా?"

"ఉప్పు ఇలా అందించు."

ఉప్పు అందింది. ఇక నేనే మాట్లాడాలని కంచం పక్కకి జరిపాను. అత్తయ్య నా మోచేతి మీద చెయ్యి వేసింది.

"నువ్వు తిను," అంది. తర్వాత పెద్ద కొడుకు వైపు తిరిగింది. "పెద్దోడా, శుక్రవారం నా కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి, చెవులు కాదు. కూడలి దగ్గర బండి ఆగింది. నువ్వు కదిలావు, సీటు కదిలింది, చప్పుడు ఆగింది. నువ్వు సర్దుకున్నావు, చప్పుడు వచ్చింది. దారంతా నాలుగుసార్లు. నిన్న వాకిట్లో అమ్మాయి చేసి చూపించింది అదే. అది నీ కాలు."

"అమ్మా, నేనా? అసలు నాకు..."

"నీకు అలవాటు. పదేళ్ళు మీ నాన్న ఆ కాలు మీద కొట్టి కొట్టి చెప్పాడు. ఆయన పోగానే మళ్ళీ ఎక్కింది. తమ్ముడి మీదకి నెట్టడానికి మూడు వారాలు పట్టింది నీకు. కాలు కిందికి దించడానికి ఒక్క క్షణం చాలు."

బావగారు అక్క వైపు చూశారు. అక్క పళ్ళెంలో ఏదో వెతుక్కుంటోంది.

మా ఆయన ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. అత్తయ్య అదీ చూసింది.

"నువ్వేమీ మురిసిపోకు చిన్నోడా. గేరు మార్చినప్పుడే వస్తుందని నీకు మొదటి రోజే తెలుసట. నీ పెళ్ళాం చెప్పింది. ఆ ఒక్క ముక్క గట్టిగా అంటే ఇదంతా ఎందుకు? ఒకడికి కాలు లేవదు, ఇంకొకడికి నోరు లేవదు. ఇద్దరినీ నేనే కన్నాను, ఎవరికి చెప్పుకోను?"

నాకు సంతోషంగా ఉండాల్సింది. కానీ ఆవిడ మాటల్లో నా వాటా కూడా ఉందని, మూడు వారాలు కిటికీలోంచి నవ్వుకున్నందుకు, ఆవిడ అనకపోయినా నేనే లెక్కవేసుకున్నాను.

అత్తయ్య మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

"సోమవారం నుంచి నీ రోజులు, వాడి రోజులు అని లేవు. ఆరు రోజులూ ఇద్దరూ వెళ్తారు. చిన్నోడు నడుపుతాడు. దుకాణాల వాళ్ళతో మాట్లాడేది పెద్దోడు, ఎలాగూ మాట్లాడకుండా ఉండలేడు కాబట్టి. పరుపులు దించేది ఇద్దరూ. మీ బావమరిదికి నేనే కబురు పంపుతాను, చోటు ఇంకెవరికైనా ఇచ్చుకోమని."

మా ఆయన తలెత్తారు. ఆరు రోజుల స్టీరింగ్, పక్కన ఆరు రోజుల అన్నయ్య. ఏది ముందు మింగాలో తెలియని ముఖం అది.

"నేను పక్క సీట్లోనా?" అన్నారు బావగారు. ఈసారి గొంతు తగ్గించడం మర్చిపోయారు.

"పక్క సీట్లోనే," అంది అత్తయ్య. "అక్కడ క్లచ్ ఉండదు. కాళ్ళు ఎక్కడైనా పెట్టుకో."